గడ్డపార పక్కన గిటారు

మా అవ్వ పెంటమ్మ అనుమానం మనిషి. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఆమె మొహం మీదే అంటాను. అనుమానం లేకపోతే ఈ సంసారం ఎప్పుడో తుంగభద్రలో కలిసిపోయేదని ఆమె జవాబు. పాలాయన పాలు పోస్తే గిన్నెలో వేలు ముంచి చూస్తుంది. ఫోన్లో ఎవరైనా "బాగున్నారా అమ్మా" అంటే వెంటనే పెట్టేస్తుంది. ఊరూ పేరూ చెప్పకుండా బాగోగులు అడిగేవాడికి ఏదో పని ఉండి ఉంటుందట. ఆడవాళ్లకు బస్సులో టికెట్ తీసేసిన కొత్తలో చాలా రోజులు ఆమె బస్సే ఎక్కలేదు. ఊరికే ఎక్కించుకున్నవాడు ఎక్కడ దించుతాడో అని భయం. నేను ఇంటర్ మధ్యలో మానేసినప్పుడు చదువు తలకెక్కక మానేశానని ఊరంతా నమ్మింది, ఆమె తప్ప. ఏ పిల్లగాడో ఉన్నాడని నా ఫోను తీసి చూసేది. చదవడం రాదు కాబట్టి తిరగేసి వాసన చూసేది.

రాజోలిలో వరద తర్వాత కట్టిన కాలనీలో మా ఇల్లు. ఆ ఇంట్లో అవ్వ చెయ్యి పెట్టని డబ్బా లేదు, దులపని చాప లేదు. ఆమె వెతకని చోటు ఒక్కటే. ఇంటి వెనక రేకుల కొట్టంలో, చివరి మూలన, దూలానికి వేలాడగట్టిన గోనె మూటలు. సమాధులు తవ్వే పనిముట్లు అక్కడ ఉంటాయి. మా తాత ప్రభుదాసు మా చర్చివాళ్లకు సమాధులు తవ్వుతాడు. ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు. ఎవరు పోయినా అందరికంటే ముందు పారా గడ్డపారా భుజాన వేసుకొని బయల్దేరతాడు. ఆ పనిముట్లు గడప దాటి లోపలికి రావు. ఆడవాళ్లు వాటిని ముట్టరు. పిల్లలు ఆ మూలకు పోతే వీపు పగులుతుంది. ప్రార్థన చేసుకునే ఇంట్లో ఈ భయాలేమిటని పాస్టర్ ఇస్రాయేలు అయ్యగారు చాలాసార్లు అన్నారు గానీ ఆయన కూడా ఎప్పుడూ ఆ కొట్టం వైపు రాలేదు.

ఈ ఎండాకాలం తాత కంటి పొర తీయించుకోవడానికి గద్వాల దవాఖానకు పోయాడు. మా నాన్న తోడు పోయాడు. అప్పుడే మా వాడలో ఒక ముసలామె చనిపోయింది. తాత లేడు కాబట్టి మా అన్న రాకేష్, అతని దోస్తులు తవ్వడానికి తయారయ్యారు. రాకేష్ కొట్టంలోకి పోయి చూస్తే మూటలు రెండున్నాయి. ఏది ఏదో తెలియక రెండూ మోసుకుపోయాడు.

సమాధుల దగ్గర మొదటి మూట విప్పితే పార, గడ్డపార. రెండో దానిలో తట్ట ఉంటుందనుకొని నేల మీద పడేశారు. అది ఝుమ్మంది. గోనె విప్పితే నల్ల గొంగడి. గొంగడి విప్పితే వేపాకు. వేపాకు మధ్యలో ఎర్రగా, నిగనిగలాడుతూ గిటారు. చర్చిలో పిల్లలు వాయించే బోలు గిటారు కాదు. పలుచగా, బరువుగా, రెండు కొమ్ములతో, ఇనుప బిళ్లలతో, తిప్పే గుండీలతో ఉంది. పక్కన వైరు గుచ్చే రంధ్రం. కరెంటు గిటారు. అది వయసులో మా నాన్న కంటే పెద్దదని తర్వాత తెలిసింది. ఒంటి మీద ఒక్క గీత లేదు. ఆముదం వాసన కొడుతోంది. తవ్వేవాళ్లు తవ్వడం ఆపారు. చోటు చూపించడానికి వచ్చిన, చనిపోయినామె కొడుకు కూడా ఏడుపు మధ్యలో ఒకసారి వంగి చూసి, మళ్లీ ఏడుపు మొదలుపెట్టాడు.

శవం రాకముందే ఈ కబురు మా ఇంటికి వచ్చింది. అవ్వ, ఆమె వెనక నేను. అందరూ గిటారు చూస్తుంటే అవ్వ మాత్రం గొంగడి చూసింది. దాని మూలకు ఒక నీలం గుడ్డ అతుకు ఉంది. ఆ అతుకు వేసింది ఆమే. అక్కడే మట్టి కుప్ప మీద కూర్చొని గిటారును అడిగింది.

"అయితే ఇత్తనమంటే నువ్వేనా?"

ఆ మాట అర్థం కావాలంటే వరద సంగతి చెప్పాలి. అప్పుడు నేను చంటిపిల్లను. నది ఊళ్లోకి వచ్చినప్పుడు అందరూ చేతికందింది పట్టుకొని మెరక మీదికి పరుగెత్తారు. తాత ఒక్కడు వెనక్కి పోయి, నడుము లోతు నీళ్లలో ఒక గొంగడి మూటను నెత్తిన పెట్టుకొని వచ్చాడు. ఏందని అవ్వ అడిగితే ఇత్తనమన్నాడు. అవ్వ ట్రంకు పెట్టె మాత్రం ఇంట్లోనే ఉండి నీళ్లలో పోయింది. అందులో ఒక చిన్న గౌను ఉండేది. మా నాన్న కంటే ముందు పుట్టి, మాటలు వస్తున్న వయసులో జ్వరంతో పోయిన మా మేనత్త సువార్తది. అవ్వ చేత్తో కుట్టిన గౌను. ఆ పిల్లకు ఫోటో లేదు. పుట్టిందనడానికి ఆ గౌను ఒక్కటే గుర్తు. అవ్వ పెట్టె కోసం ఏడ్చింది గానీ తాతను ఒక్క మాట అనలేదు. అందరి మొగోళ్లు టీవీలు మోస్తే నా మొగడు ఇత్తనం మోసిండని ఇన్నేళ్లూ కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంది. ఆ విత్తనం తడిసి మురిగిపోయిందని తాత అంటే, అదీ నమ్మింది. మా ఇంట్లో ఆమె తిరగేసి చూడకుండా నమ్మింది అదొక్కటే.

ఆ పూట సమాధి ఎలా తవ్వారో, ప్రార్థన ఏం జరిగిందో అవ్వకు పట్టలేదు. గిటారును గొంగడితో సహా ఇంటికి మోయించింది. మంచం మీద పడుకోబెట్టి ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది, దొంగను పట్టుకున్న పోలీసులాగా.

మొదట దొంగసొమ్ము అనుకుంది. తర్వాత ఆ మాట ఆమే కొట్టేసింది. దొంగసొమ్మయితే అమ్మేవాడు కదా అని. రాకేష్ దాని ఫోటో తీసి ఫోన్లో పెడితే హైదరాబాదు నుంచి ఎవరో కొంటానని వెంటపడ్డాడు. అంత విలువైంది ఈ ముసలోడు అమ్మలేదంటే కారణం ఒక్కటే ఉంటుందని అవ్వ తేల్చింది. వయసులో ఉన్నప్పుడు తాత బొంబాయికి కూలికి పోయేవాడు.

"బొంబాయిల ఎవతో ఉండె. గది దానిదే" అంది.

నేను నవ్వాను. ఆడవాళ్లు కరెంటు గిటారు వాయిస్తారా అవ్వా అన్నాను.

"నడుము జూడవే దానిది. మొగోడు గసువంటి దాన్ని ఊరికెనే ఆముదం రాసి పండవెడతడా?"

వేపాకు ఇంకా పచ్చిగానే ఉందని, అంటే దవాఖానకు పోయే ముందే మార్చాడని చూపించింది. ఎవరో పోయినప్పుడు సమాధి తవ్వి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే కొట్టంలో చాలాసేపు ఉంటాడని కూడా గుర్తు చేసుకుంది. పనిముట్లు కడుగుతున్నాడనుకునేవాళ్లం. పాస్టరయ్యగారు వచ్చి, ఇది దేవుడు మన చర్చికి పంపిన వస్తువేమో అన్నారు. దేవుడు పంపితే కొట్టంలకు ఎందుకు పంపుతడయ్యా, మీ ఇంటికే పంపును గద అని అవ్వ ఆయన్నీ అనుమానంగా చూసింది. రాకేష్ అప్పటికే చర్చి స్పీకరు డబ్బాకు వైరు తగిలించి తీగ మీటి చూశాడు. వాడ మొత్తం వినపడింది. తీగల మీద కాస్త తుప్పు తప్ప దానికి ఏ జబ్బూ లేదు. బాగా పలికినందుకు అవ్వ కోపం ఇంకా పెరిగింది.

పొద్దు వాలేసరికి ఒక సంచిలో రెండు చీరలు సర్దింది. బల్మూర్‌లో ఆమె చెల్లెలు ఉంది.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?"

"నా బిడ్డ గౌనును నీళ్లకిడిసి దీన్ని నెత్తిన మోసిండు. గిది ఎవలదో నాకు తెల్వాలె. ఆడిదయితే నేను బల్మూరుకు పోత. మళ్ల రాను."

ఈ వయసులో ఎవరు పోతారులే అని ఏడిపిద్దామనుకున్నాను. ఆమె మొహం చూసి ఊరుకున్నాను. ఆ చీరలు చర్చికి కట్టుకొనేవి. ఊరికే బెదిరించడానికి ఆమె వాటిని నలగనివ్వదు.

మరునాడు తాత నల్లద్దాలు పెట్టుకొని, నాన్న చెయ్యి పట్టుకొని ఆటో దిగాడు. గుమ్మంలోంచే మంచం మీదున్నది కనబడింది. అక్కడే ఆగి, "తడిసిందా?" అన్నాడు.

మనిషి కన్ను కోయించుకొని వచ్చి అడిగిన మొదటి మాట అది. అవ్వ లేచి వంటింట్లోకి పోయింది. నాతో చెప్పి పంపింది, కూర్చోమను, చెప్పమను అని. నేను మధ్యలో రాయబారిని. తాత అరుగు మీద, అవ్వ తలుపు వెనక, ప్రశ్నలూ జవాబులూ నా మీదుగా. కొంతసేపటికి అవ్వకు నా వేగం నచ్చక ఆమే బయటికి వచ్చింది.

తాత చెప్పింది ఇది. పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ జంటగా వలస పోయేవాళ్లు. సువార్త పుట్టి, మా నాన్న కడుపున పడ్డాక అవ్వ రాజోలిలోనే ఉండిపోయింది. తాత ఒక్కడే కూలీల గుంపుతో బొంబాయి పోయాడు. రోడ్డు పక్కన కేబుళ్లకు కాల్వలు తవ్వే పని. గుంపు మేస్త్రి వీపనగండ్ల కురుమూర్తి. వాళ్లు తవ్వే చోట ఒక పాత మేడ ఉండేది. అందులో కింది గదిలో ఒకతను, రాత్రిళ్లు హోటల్లో వాయించి వచ్చి పగలు నిద్రపోయేవాడు. గడ్డపార చప్పుడుకు లేచినా తిట్టేవాడు కాదు. చాయ్ తాగుతారా అని అడిగేవాడు. ఒకరోజు జోరు వానలో ఇంటి యజమాని మనుషులు వచ్చి అతని సామానంతా రోడ్డు మీద విసిరేశారు. అతను ఈ గిటారును తెచ్చి, ప్లాస్టిక్ పట్టా కింద ఉన్న తాత చేతిలో పెట్టాడు. ఇల్లు చూసుకొని వచ్చి తీసుకుంటానన్నాడు. తడవనియ్యకు అని ఒక్క మాట చెప్పి పోయాడు.

తెల్లారి రాజోలి నుంచి కబురు వచ్చింది, బిడ్డకు బాగాలేదని. తాత గిటారును గొంగడిలో చుట్టి దానితోనే రైలెక్కాడు. గుంపులో ఎవరికైనా ఇచ్చి పోదామంటే అక్కడి ప్లాస్టిక్ పట్టాలు కారుతున్నాయి. ఇంటికి వచ్చేసరికి సువార్తను ముందురోజే మట్టిలో పెట్టేశారు.

ఇక్కడిదాకా చెప్పి తాత నల్లద్దాలు తీశాడు. డాక్టరు తీయొద్దన్నాడని నాన్న గుర్తు చేశాడు. తాత వినలేదు.

"నువ్వు మట్టిల పండి ఏడుస్తున్నవ్. నా చంకల గిది ఉంది. ఎట్ల చూపియ్యాలె నీకు? బిడ్డ వోయిన ఇంట్లకు వాయించే వాజా తెచ్చిండంటరు. గడ్డివాముల దోపిన. ఆ దినం చూపియ్యనిది మళ్ల ఏ దినం చూపిస్తనే."

కొన్ని నెలల తర్వాత మళ్లీ బొంబాయి పోయి చూశాడట. ఆ మేడకు తాళం. అతను ఎక్కడికి పోయాడో ఎవరూ చెప్పలేదు.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. కరిగిందనుకున్నాను. ఆమె కరగలేదు.

"పేరేంది ఆయనది?"

"తెల్వదు."

"ఇన్నేండ్లు దాసినవు, పేరు తెల్వదా?"

"సాబ్ అంటుంటి. సాబును పేరు అడుగుతమా?"

"మరి నా పెట్టె ఎందుకు ఇడిసినవు?"

తాత ఆ ప్రశ్న కోసం ఎన్నో ఏళ్లుగా సిద్ధంగా ఉన్నట్టు మెల్లగా చెప్పాడు. "గౌను మనది. పోతే మనమిద్దరం ఏడుస్తం. గిది మందిది, దాసిపెట్టమని ఇచ్చిన అమానత్. తడవనియ్యకన్నడు."

నాకు ఆ జవాబు సరిపోయింది. అవ్వ మాత్రం లేచి, "పేరు తెల్వని సాబంటే నేను నమ్మ" అని లోపలికి పోయింది. ఆ పూట తాతకు అన్నం నేను పెట్టాను. సంచి గుమ్మం పక్కనే ఉంది.

మరునాడు పొద్దున్నే తాత కంటి మందు తెస్తానని చెప్పి, నన్ను వెంటబెట్టుకొని అవ్వ బస్సెక్కింది. గద్వాల బస్సు కాదు. అలంపూర్ చౌరస్తాలో దిగి, పెబ్బేరులో మారి, వీపనగండ్ల పోయాం. దారిలో నాకు పాఠం చెప్పింది. గిటారు మాట ఎత్తొద్దు, ఊరికే చూడటానికి వచ్చామనాలి, ఆయనంతట ఆయన చెప్పింది ఒకటే నిజం, అడిగితే చెప్పింది అబద్ధం. పోలీసు ఉద్యోగం కోసం చదువుతున్న రాకేష్‌ కంటే ఆ పనికి నువ్వే పనికొస్తావని అన్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కురుమూర్తి మేస్త్రి ఇంటి ముందు పల్లికాయ వొలుస్తున్నాడు. ముసలాయన, ఒళ్లు సగమైంది గానీ గొంతు మాత్రం గుంపును కేకేసే గొంతే. అవ్వను గుర్తుపట్టి "రా చెల్లే" అని చాప వేయించాడు. వానలు, మోకాళ్లు, కొడుకుల సంగతులు అన్నీ అయ్యాయి. అవ్వ మెల్లగా సువార్త పోయినప్పటి మాట తెచ్చింది. అప్పుడు మా ఆయన ఎట్లొచ్చిండో ఏమో మేస్త్రన్నా, చేతిల బట్టల సంచి లేకుండె అని ఊరికే అన్నట్టు అంది.

బట్టలున్న సంచి బొంబాయిలనే మరిచిండని కురుమూర్తి అన్నాడు. స్టేషన్‌కు ఆయనే తోలుకొని పోయాడట. రైల్లో కాలు పెట్టే సందు లేదు. తాత చేతిలో పొడుగ్గా ఒక గొంగడి మూట. పైన పెట్టమంటే పెట్టలేదు, కింద పెట్టమంటే పెట్టలేదు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని నిలబడ్డాడు. లోపలేముందని అడిగితే ఏడ్చాడు తప్ప చెప్పలేదు.

అవ్వ కొంగు సర్దుకుంది. ఆమెకు కావలసింది దొరికింది. లేవబోతుంటే కురుమూర్తి, ఎవరూ అడగకుండానే, ఇంకో మాట అన్నాడు.

"వాడు పోయినంక ఒకాయన వస్తుండె వాని కోసం. సన్నగ, తెల్ల అంగి. రెండు మూడు దఫాలు వచ్చిండు. మీ దగ్గర నల్లగ, పొడుగ్గ ఒక పిల్లగాడు ఉండె గద, యాడికి పోయిండంటడు."

"మీరేమన్నరు?"

"ఏమంటం? గసువంటోడు మా దాంట్ల లేనే లేడన్నం. గుంపుల కట్టుబాటు గది. బయటోడు మనోళ్ల గురించి అడిగితే తెల్వదనాలె, పోలీసోడైనా కావచ్చు, ఇంకో మేస్త్రి మనిషైనా కావచ్చు. ఆఖరు దఫా జర గట్టిగ చెప్పి ఎల్లగొట్టినం. పాపం, కండ్లల్ల నీళ్లు పెట్టుకుండు. ఎందుకో నాకు ఇప్పటికి తెల్వదు."

ఆ సంగతి ప్రభుదాసుకు చెప్పారా అని నేనడిగాను. ఏ పోలీసోడో అనుకొని వదిలేశామని, తర్వాత ఎవరి దారి వాళ్లదయిందని ఆయన అన్నాడు. పల్లికాయ ఒక గుప్పెడు నా చేతిలో పోశాడు.

తిరుగు బస్సు ఎక్కాం. నాకు నోరాగలేదు. మీ గుంపు మొత్తం నీలాంటి వాళ్లే అన్నమాట అవ్వా, వచ్చిన మనిషిని వచ్చినట్టే తరిమారు అన్నాను. మామూలుగా అయితే నెత్తిన మొట్టేది. ఈసారి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేస్త్రి చెప్పిన ఆఖరు మాట ఇంట్ల అన్నవంటే ఊరుకోను. గాయన ఈయనను దొంగ అనుకొనే పోయిండు. గది ఈయనకు తెల్వొద్దు."

ఇంటికొచ్చేసరికి తాత అరుగు మీద నల్లద్దాలతో మా కోసమే చూస్తున్నాడు.

"దొరికిందా మందు?"

"లేదు" అంది అవ్వ.

"మేస్త్రి బాగున్నడా?"

నేను నవ్వు ఆపుకున్నాను. మమ్మల్ని అలంపూర్ చౌరస్తాలో పెబ్బేరు బస్సు ఎక్కుతుండగా చూసిన ఎవరో రాకేష్‌కు ఫోన్ చేశారట. అవ్వ కొంచెం కూడా తడబడలేదు. బాగున్నడంది. తాత మెల్లగా, నేల చూస్తూ, ఇంకో మాట అడిగాడు.

"నేను వచ్చినంక ఎవలన్న వచ్చిండ్రంటనా, నా కోసం?"

నేను చెప్పుల వైపు చూశాను. అవ్వ సంచి దగ్గరికి పోయి చీరలు తీసి దండెం మీద వేస్తూ చెప్పింది.

"ఎవ్వలు రాలే. మేస్త్రికి అన్నీ యాదికున్నయి. ఒక్కలు కూడా రాలేదన్నడు."

తాత చాలాసేపు ఆమెనే చూశాడు. నమ్మాడో లేదో ఆ నల్లద్దాల వెనక నాకు కనబడలేదు. "సరే" అన్నాడు. ఆ పూట అన్నం అవ్వే పెట్టింది.

అంతటితో ఆమె ఊరుకోలేదు. రాకేష్‌ను పిలిచి, ఫోన్లో పెట్టింది మార్చమంది. అమ్ముతామని కాదు, బొంబాయిలో ఫలానా ఏళ్లలో ఈ గిటారు ఒకరికి దాచిపెట్టమని ఇచ్చినవాళ్లు ఎవరో వచ్చి తీసుకుపోండి అని పెట్టమంది. రాకేష్ తల పట్టుకున్నాడు, ఇక దేశంలో ఉన్న దొంగలందరూ ఫోన్ చేస్తారని. చెయ్యనియ్యి, నేను మాట్లాడుత అంది.

నిజంగానే చేశారు. ఇప్పటికీ చేస్తున్నారు. గిటారు తనదని ఒకడు, తన మామదని ఒకడు, ఇంటి ముందు కాల్వ తవ్వడం కళ్లారా చూశానని ఇంకొకడు. రాకేష్ హిందీలోంచి తెలుగులోకి, తెలుగులోంచి హిందీలోకి మోస్తాడు. అవ్వ అందరినీ ఒకటే అడుగుతుంది, ఇచ్చేటప్పుడు ఏం చెప్పి ఇచ్చినవు అని. జాగ్రత్తగా చూసుకోమన్నానని చాలామంది అంటారు. ఒకడు బాగా ఆలోచించి, దేవుడు నిన్ను చల్లగా చూడాలన్నానని చెప్పాడు. అవ్వ ఫోను పెట్టేసి, గీనికి పాస్టర్ పని ఇయ్యుండ్రి అంది. గిటారు ఇప్పుడు కొట్టంలో లేదు. ఇంట్లో, సజ్జ మీద, వాన జల్లు పడని వైపు ఉంది. వేపాకు ఎంత పెట్టాలనే దాని మీద వాళ్లిద్దరికీ రోజూ తగాదా.

నిన్న ఒక ఫోను వచ్చి పోయాక తాత అడిగాడు. "ఎప్పటికన్న వస్తడంటవా?"

"వస్తే రానియ్యి. ముందుగాల నేను మాట్లాడుత. నేను పిలిచినదాంక నువ్వు లోపల్నే ఉండు."

"నేనెందుకు లోపలుండాలె? అమానత్ పట్టుకున్నోణ్ణి నేను."

అవ్వ ఒక్క క్షణం నా వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"బయట దుమ్ము. కంట్ల పడొద్దన్నరు గద" అంది.